బెల్ట్ సాండరా, ఆర్బిటల్ సాండరా? మీ చెక్కను చూసి తేల్చుకోవడం ఎలా

"అన్నా, పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు తలుపుతో భోజనాల బల్ల చేసుకుంటున్నా. నున్నగా పేపరు కొట్టేదానికి బెల్ట్ మిషను కొనేదా, గుండ్రం మిషను కొనేదా?"

ఒకసారి కందుకూరు నుంచి, ఒకసారి కావలి నుంచి, ఇంకోసారి ఒంగోలు నుంచి అడుగుతున్నారు. ఊరు మారుతోంది గానీ ప్రశ్న మారడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో సొంతంగా చెక్కపని చేసుకునేవాళ్ళు కొనుక్కోవాల్సింది గుండ్రం మిషను, అంటే రాండమ్ ఆర్బిటల్ సాండర్. ఇక్కడ ఆర్బిటల్ అన్నచోటల్లా అదే. బెల్ట్ సాండర్ పని పడిన రోజున అద్దెకు తెచ్చుకోండి. అలాగని ఈ మాట పట్టుకుని నేరుగా కొట్టుకు వెళ్ళొద్దు. ముందు మీ చెక్కను చూడండి. ఆ చూడడం ఎలాగో చెప్పడానికే ఇదంతా.

రెండు మిషన్లూ ఒకే పని చేస్తాయనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది. బెల్ట్ సాండర్ చిత్రికకు తమ్ముడులాంటిది. ఉప్పుకాగితం పట్టీ రెండు రోలర్ల మీద ఒకే దిక్కున పరిగెత్తుతూ చెక్కను కోసుకుపోతుంది. మిట్టల్ని అణచి సాపు చేయడం దాని పని. ఆర్బిటల్‌లో ప్యాడు తన చుట్టూ తాను తిరుగుతూనే రెండు మూడు మిల్లీమీటర్ల చిన్న సుడిలో ఊగుతుంది. గీతలు ఒకే వరసలో పడవు కాబట్టి కంటికి ఆనవు. నునుపు చేయడం దాని పని. సాపు వేరు, నునుపు వేరు. అద్దంలా మెరిసే బల్లను ఓరగా చూస్తే అలలు కనిపించవచ్చు. తేటగా సాపైన పలక చేతికి గరుగ్గానే తగలవచ్చు.

కావలసినవి

- మూడు నాలుగు అడుగుల నిటారు బద్ద. తాపీమేస్త్రీలు వాడే అల్యూమినియం పట్టె ముక్కయినా సరే
- మెత్తటి పెన్సిలు, టార్చి, పది పన్నెండు జిరాక్స్ కాగితాలు
- ఒక అయస్కాంతం. పాత స్పీకరులోంచి తీసింది చాలు
- చెక్కను బల్లకు బిగించడానికి రెండు జీ క్లాంపులు
- ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు
- ఆర్బిటల్‌కు 80, 120, 180 నంబర్ల గుండ్రం పేపర్లు. బెల్ట్ తెచ్చుకుంటే 80, 120 నంబర్ల పట్టీలు. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది
- ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ

బెల్టు కొనేముందు మిషను మీది కొలత రాసుకుని వెళ్ళండి. 75×533 మిల్లీమీటర్లది, 100×610 మిల్లీమీటర్లది ఎక్కువగా కనిపిస్తాయి. ఒకదాని పట్టీ ఇంకోదానికి పట్టదు. ఆర్బిటల్ పేపరు అయిదంగుళాలది, అంటే 125 మిల్లీమీటర్లది. అందులోనూ మీ ప్యాడుకు ఎన్ని రంధ్రాలు ఉన్నాయో పేపరుకూ అన్నే ఉండేలా చూసుకోండి.

మాస్కు గురించి చాలామంది "ఒక్క గంట పనేగా" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది. రుమాలు ఆపగలిగేది కంటికి కనిపించే పొట్టును మాత్రమే. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి రుమాలు దాటి వెళ్ళిపోతుంది. మాస్కు లేకపోతే ఆ రోజుకు పని మానుకోండి.

1. చెక్క మట్టం చూడండి

చెక్కను బల్ల మీద పరిచి బద్దను సన్నంచు మీద నిలబెట్టండి. బద్ద వెనకనుంచి టార్చి వేయండి. కింద వెలుతురు కారిన చోటల్లా పల్లం ఉన్నట్టు. పొడవునా ఒకసారి, అడ్డంగా నాలుగైదు చోట్ల, మూల నుంచి మూలకు రెండుసార్లు చూడండి. పల్లాలకు పెన్సిలుతో సున్నాలు చుట్టండి, మిట్టల మీద అడ్డగీతలు గీయండి.

ఇప్పుడు పల్లం ఎంత లోతో కొలవాలి. వెలుతురు కనిపించిన చోట బద్ద కింద జిరాక్స్ కాగితాలు ఒక్కొక్కటిగా దూర్చండి. ఒక్కో కాగితం మందం మిల్లీమీటరులో దాదాపు పదో వంతు.

- రెండు మూడు కాగితాలకే బిగిసిందా? ఆర్బిటల్ చాలు.
- నాలుగు నుంచి పది దాకా పట్టాయా? బెల్ట్ సాండర్ పని.
- పదికి మించి దూరాయా? రెండు మిషన్లూ వద్దు. చిత్రిక పట్టించండి, లేదా రంపపు మిల్లులో ప్లేనర్ (చిత్రిక పట్టే మిషను) ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. రెండు మిల్లీమీటర్ల వంపును ఉప్పుకాగితంతో తీయబోతే బెల్టులు అయిపోతాయి, మోటారు కాలుతుంది. వంపు మాత్రం సగం అలాగే ఉంటుంది.

ఈ లెక్క నా చేతిపనిలో కుదిరిన లెక్క. తుమ్మలాంటి గట్టి చెక్కయితే మూడు కాగితాల పల్లానికి కూడా నేను బెల్టే పడతాను.

ఇంకో సంగతి. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తీరం పొడుగునా గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమకు ఉబ్బి ఉన్న పలకను సాపు చేస్తే రోహిణీ కార్తె వచ్చేసరికి అది మళ్ళీ వంగుతుంది. తప్పు మిషనుది కాదు. పలకను ఇంటి నీడలో, కింద పట్టెలు వేసి, గాలి తగిలేలా రెండు మూడు వారాలు ఉంచి, ఆ తర్వాతే బద్ద పెట్టండి.

2. అది ఏ చెక్కో తెలుసుకోండి

అంచు చూడండి. పైనున్న నార గీతలు అంచు మీదుగా కిందికి దిగితే అది ఘనమైన చెక్క. అంచులో పొరలు కనిపిస్తే ప్లైవుడ్. పిండి అచ్చుపోసినట్టు ఉంటే ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక.

ప్లైవుడ్, ఎండీఎఫ్ అయితే బెల్ట్ సాండర్‌ను దాని దగ్గరికే తీసుకెళ్ళొద్దు. టేకు ప్లైవుడ్ మీద కనిపించే అసలు టేకు పొర చాలావాటిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా అక్క భోజనాల బల్ల మీద ఒక గీత పోగొడదామని 80 నంబరు బెల్టు ఆనించాను. మూడు లెక్కపెట్టేలోపు కింద జిగురు పొర అరచేతి వెడల్పున నల్లగా బయటపడింది. దాన్ని పూడ్చే మార్గం లేదు. లప్పం పెట్టినా మచ్చ కనిపిస్తూనే ఉంటుంది. అక్క ఏమీ అనలేదు గానీ ఆ మచ్చ మీద ఇప్పటికీ పళ్ళెం పెట్టే ఉంచుతుంది. ప్లైవుడ్‌కు ఆర్బిటల్‌తో 180 నంబరు, అదీ తేలికచేత్తో రెండు మూడుసార్లు చాలు.

ఘనమైన చెక్కల్లో ఒక్కోదానిది ఒక్కో గుణం. టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది కాబట్టి పేపరు త్వరగా పూడుకుపోతుంది. రెండు మూడు పేపర్లు ఎక్కువ తెచ్చుకోండి. ప్రకాశం పల్లెల్లో పాత ఇళ్ళ తలుపులు వేపవి చాలా దొరుకుతాయి. వేప నార పొర పొరకూ ఎదురు తిరిగి ఉంటుంది. చిత్రిక ఒకవైపు నున్నగా తీస్తుంది, పక్కనే పెచ్చు లేపుతుంది. బెల్ట్ సాండర్ నార దిక్కు చూసుకోదు, అందుకే పాత వేప తలుపుకు దాన్ని మించింది లేదు. అద్దెకు తేవాల్సిన సందర్భం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

వంకర వస్తువులకు రెండూ పనికిరావు. కుర్చీ కాళ్ళు, చెక్కిన గుమ్మాలు, ఉదయగిరి గరిటెల్లాంటివి చేత్తో ఉప్పుకాగితం పట్టాల్సిందే. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గరిటెల గుంటల్లోకి ఏ చదును ప్యాడూ దిగదు.

3. మేకులు, పాత రంగు

పాత తలుపు మొత్తం మీద అయస్కాంతం జరుపుతూ పోండి. పట్టిన చోట మేకు ఉంది. తీసేయండి, రాకపోతే లోపలికి దిగ్గొట్టండి. మేకు తల తగిలితే బెల్టు ఒక్క దెబ్బకు చిరుగుతుంది. దానికంటే ప్రమాదం, మేకు నుంచి లేచిన నిప్పురవ్వ ధూళి సంచిలోకి పోవడం. సంచిలో పొట్టు పొగ కనిపించకుండా రాజుకుంటుంది. అందుకే పని అయిన వెంటనే సంచి బయట ఖాళీ చేయండి. రాత్రంతా ఇంట్లో ఉంచొద్దు.

తలుపు మీద పాత రంగు ఉంటే ఏ మిషనూ ఆన్ చేయకండి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా కొడితే ఆ ధూళి ఇల్లంతా పడుతుంది, చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. అలాంటి రంగును పెయింట్ రిమూవర్‌తో మెత్తబరిచి గోకండి. లేదా వాటర్‌ పేపరు తడిపి చేత్తో రుద్దండి. పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి. గోకిన చెత్తను కవరులో కట్టి పారేయండి, పెరట్లో ఊడ్చొద్దు.

4. తేల్చుకోండి

పల్లం నాలుగు నుంచి పది కాగితాల దాకా ఉండి, చెక్క ఘనమైనదై, పైన రంగు లేకపోతే బెల్ట్‌తో మొదలుపెట్టి ఆర్బిటల్‌తో ముగించండి. పదికి మించిన పల్లం, వంకర వస్తువులు, పాత రంగు వదిలేస్తే, మిగతా సందర్భాల్లో ఆర్బిటల్ ఒక్కటే చాలు. బెల్ట్ ఒక్కటే చాలిన పని నాకు తగల్లేదు. బెల్ట్ గీతలు పోగొట్టడానికి తర్వాత ఆర్బిటలో, చేత్తో పేపరో పట్టాల్సే వచ్చింది. ఒక్కటే కొనగలిగితే ఆర్బిటల్ కొనమంటున్నది అందుకే.

ఇంకా సందేహం ఉంటే బరువు, కరెంటు చూడండి. నాలుగంగుళాల బెల్ట్ సాండర్ అయిదారు కిలోలు తూగుతుంది, వెయ్యి వాట్ల పైన లాగుతుంది. ఆర్బిటల్ కిలోన్నర లోపే, 250 నుంచి 300 వాట్లు. నిలబెట్టిన తలుపు మీద, గోడ అల్మరా మీద బెల్ట్ పట్టుకుని పనిచేయడం వడ్రంగులకే కష్టం. ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే చుట్ట మొత్తం విప్పండి. చుట్టి ఉన్న తీగ వేడెక్కి కరుగుతుంది.

5. బెల్ట్ సాండర్ వాడేటప్పుడు

ప్లగ్గు పీకి ఉండగానే బెల్టు ఎక్కించండి. బెల్టు లోపలివైపు బాణం గుర్తు ఉంటే, మిషను మీది బాణం దిక్కునే అది కూడా ఉండాలి. తిరగేసి వేస్తే అతుకు దగ్గర తెగుతుంది. తర్వాత మిషనును పైకెత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆన్ చేయండి. బెల్టు ఒక పక్కకు జరుగుతుంటే ట్రాకింగ్ మర కొద్దికొద్దిగా తిప్పి మధ్యకు తెండి. ఈ పని వదిలేస్తే బెల్టు అంచు మిషను ఒంటిని కోసేస్తుంది.

చెక్కను క్లాంపులతో బిగించండి. చేత్తో పట్టుకుంటే బెల్ట్ దాన్ని మీ కడుపులోకి విసురుతుంది.

మిషను గాలిలో ఉండగా ఆన్ చేయండి. విమానం దిగినట్టు ముందుకు నడుస్తూ చెక్కను తాకించండి. ఆపేటప్పుడు ముందు పైకెత్తి, తర్వాత ఆఫ్ చేయండి. ఈ వరస తప్పితే వచ్చే గుంట బెల్ట్ సాండర్‌తో జరిగే తప్పులన్నిటిలో మొదటిది. తాకి ఉన్నంతసేపూ చెయ్యి కదులుతూనే ఉండాలి. ఒక్కచోట ఒక్క సెకను ఆగినా పల్లం పడుతుంది.

నొక్కవద్దు, మిషను బరువే చాలు. ముందుగా మిట్టల మీద నారకు 45 డిగ్రీల ఓరగా రెండు వైపుల నుంచీ కొట్టండి. ఎక్కువ చెక్క త్వరగా పోతుంది. మిట్టలు అణిగాక నార వెంబడి మాత్రమే కొట్టండి. ఓర గీతలు పూర్తిగా పోయేదాకా ఆపొద్దు. 80 తర్వాత 120. బెల్ట్ పని అక్కడితో సరి.

అంచుల దగ్గర జాగ్రత్త. పలక చివర వచ్చేసరికి మిషను ముక్కు కిందికి వాలుతుంది, అంచు గుండ్రమవుతుంది. మిషను కింద బెల్టు ఆనే భాగంలో మూడో వంతుకు మించి చెక్క దాటి బయటికి పోనీయకండి. లేదా అదే మందం ఉన్న పనికిరాని చెక్క ముక్కను చివర ఆనించి బిగించండి. మిషను దాని మీదికి నడిచిపోతుంది, మీ అంచు నిలబడుతుంది.

ప్రతి రెండు మూడు నిమిషాలకు ఆపి బద్ద పెట్టి చూడండి. చెక్క పోయాక తిరిగి రాదు.

టేకు జిడ్డుకు బెల్టు పూడుకుపోతే పారేయొద్దు. బెల్టు శుభ్రం చేసే క్రేప్ రబ్బరు కడ్డీ దొరుకుతుంది. తిరుగుతున్న బెల్టుకు దాన్ని ఆనిస్తే పొట్టంతా ఊడిపోతుంది. పాత బూటు క్రేప్ అడుగు ముక్కతోనూ అదే పని జరుగుతుంది.

6. ఆర్బిటల్ సాండర్ వాడేటప్పుడు

ఇక్కడ వరస తారుమారు. ఆర్బిటల్‌ను చెక్క మీద ఆనించి, తర్వాత ఆన్ చేయండి. గాలిలో తిరుగుతున్న ప్యాడును దించితే అంచు తగిలి అర్ధచంద్రాకారంలో గీత పడుతుంది.

పేపరు రంధ్రాలు ప్యాడు రంధ్రాలకు సరిగ్గా కుదరాలి. ధూళి పోయేది వాటిలోంచే. కుదరకపోతే ధూళి పేపరు కింద చిక్కుకుని ఉండలు కడుతుంది, ఆ ఉండలు పందితోక లాంటి వంకర గీతలు పెడతాయి. పాలిష్ వేసేదాకా అవి కనిపించవు.

చెక్క మొత్తం మీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి. 80 నంబరుతో గీతలన్నీ పోయేదాకా కొట్టండి. గుడ్డతో తుడవండి. మళ్ళీ గీతలు, 120 నంబరు. మళ్ళీ తుడవడం, గీతలు, 180. పెన్సిలు గీత మిగిలిన చోట పేపరు తగల్లేదని అర్థం. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు, ఖర్చూ లేదు. మధ్యలో తుడవడం మానొద్దు. 80 నంబరు పేపరు నుంచి ఊడిన ఒక్క రేణువు 180 కింద ఇరుక్కుంటే చేసిన పనంతా గీసేస్తుంది.

చెయ్యి మెల్లగా జరగాలి, సెకనుకు ఒక అంగుళం. ఇల్లు తుడిచినట్టు బరబరా లాగితే సుడి గీతలు పడతాయి. ఒక్కో వరస ముందు వరసను సగం కప్పాలి. నొక్కితే ప్యాడు తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది, పనీ జరగదు. ప్యాడు అంచు మీద పెన్సిలుతో ఒక గీత పెట్టండి. పనిచేస్తుండగా ఆ గీత మెల్లగా తిరుగుతూ కనిపించాలి. ఆగిపోయిందంటే మీరు నొక్కుతున్నారు.

మొండి గీతను పోగొట్టడానికి మిషనును ఓరగా వంచి అంచుతో గోకే అలవాటు చాలామందికి ఉంది. గీత పోతుంది, దాని చోట గిన్నెలాంటి పల్లం వస్తుంది. ప్యాడు ఎప్పుడూ చదునుగానే ఉండాలి.

80 నుంచి నేరుగా 180కి దూకొద్దు. 80 పెట్టిన లోతు గీతల్ని 180 తీయలేదు, వాటి మధ్య చెక్కను మెరిపిస్తుంది అంతే. అలాగని ప్రతి చెక్కా 80తోనే మొదలవ్వాల్సిన పని లేదు. చిత్రిక నున్నగా పట్టి ఉంటే 120తో మొదలుపెట్టండి. వార్నిష్, పియు (పాలీయురేథేన్ పూత) వేయడానికి 180 చాలు. రంగు వేస్తుంటే 150తో ఆపినా నష్టం లేదు. 320 దాకా వెళితే నునుపైతే వస్తుంది గానీ చెక్క స్టెయిన్‌ను (చెక్కలోకి ఇంకే రంగును) సరిగ్గా పీల్చదు, రంగు తేలిపోయినట్టు కనిపిస్తుంది.

7. పని అయిందో లేదో చూడండి

గదిలో లైట్లు ఆర్పేయండి. టార్చిని చెక్కకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. పైనుంచి చూస్తే కనిపించని సుడులు, అలలు, బెల్ట్ గీతలు నీడలతో లేచి కనిపిస్తాయి. వాటి చుట్టూ పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆ భాగాన్ని ఒక నంబరు వెనక్కి వెళ్ళి మళ్ళీ చేయండి. ఒక్క మచ్చను మాత్రమే రుద్దొద్దు, పల్లం అవుతుంది. చుట్టూ జానెడు మేర కలుపుకోండి.

తర్వాత తడిగుడ్డ గట్టిగా పిండి చెక్క మొత్తం ఒక్కసారి తుడవండి. తడిలో దాగిన గీతలు నల్లగా బయటపడతాయి. పాలిష్ వేస్తే ఎలా కనిపిస్తుందో దాదాపు అలాగే ఉంటుంది. తడికి నార లేచి గరుకవుతుంది, కంగారు పడకండి. పూర్తిగా ఆరాక 180తో చేత్తో, నార వెంబడి, తేలికగా ఒకసారి రుద్దితే ఆ గరుకు పోతుంది, పాలిష్ వేశాక తిరిగి పెద్దగా లేవదు.

చివరగా కళ్ళు మూసుకుని పలుచటి నూలుగుడ్డ మీదుగా అరచేయి జరపండి. కంటికి తప్పిన ఎగుడుదిగుడు చేతికి తప్పదు. వేప తలుపు మీద ఒక చోట గుడ్డ పట్టిందంటే అక్కడ నార ఇంకా లేచే ఉంది.

అద్దెకు తెచ్చేముందు, కొనేముందు

బెల్ట్ సాండర్ అయితే కొట్టు దగ్గరే ఆన్ చేయించి చూడండి. ట్రాకింగ్ మర తిప్పితే బెల్టు రెండు వైపులకూ జరగాలి. కింద బెల్టు ఆనే లోహపు పలక అరిగి గుంటపడి ఉంటే వద్దనండి. ఆ గుంట మీ చెక్కలోకి దిగుతుంది. మోటారు లోపల నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే కార్బన్ బ్రష్షులు అరిగాయి. వాళ్ళిచ్చే పాత బెల్టులతో పని మొదలుపెట్టొద్దు, మీ సొంతవి తీసుకెళ్ళండి. ఒక్కరోజు అద్దె వృథా కాకుండా మూడు నాలుగు పలకలు సిద్ధం చేసుకున్నాకే తెచ్చుకోండి.

ఆర్బిటల్ అయితే వేగం తగ్గించే మర ఉన్నది తీసుకోండి. ప్లైవుడ్ మీద, పాలిష్ పూతల మధ్య అది అవసరం పడుతుంది. ఆన్ చేసి పైకెత్తినప్పుడు ప్యాడు పిచ్చిగా తిరిగితే దాని బ్రేకు రబ్బరు పోయింది. కొత్త మిషనులో ఆ తేడా ఉంటే మార్చి ఇమ్మనండి. పాతదైతే రబ్బరు చుట్టు మార్పిస్తే చాలు. మూడో కొమ్ము ఉన్న ప్లగ్గో, డబుల్ ఇన్సులేషన్ గుర్తో (చదరంలో చదరం) ఉందో లేదో కూడా చూడండి.

మిగిలిన బెల్టుల్ని మడిచి అటక మీద పడేయొద్దు. మడత పడ్డచోటే తెగుతాయి, తీరంలో తేమకు అతుకు జిగురు ఊడుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను గోడకు అడ్డంగా బిగించి, దాని మీద వేలాడదీయండి. గుండ్రం పేపర్లను నంబరు వారీగా డబ్బాలో పెట్టి మూత బిగించండి. వానాకాలం వచ్చినా చదునుగానే ఉంటాయి.